రాజుగారి చెరువులో సీసం

"నా చెరువులో చేపలుంటాయండి. సీసం ఎందుకుంటుందండి?"

"నేను అనలేదండి రాజుగారూ. మిషన్ చూపించింది."

"మిషన్‌కి నోరెక్కడుందమ్మా? నిన్న ఫోన్ చేసి, చేపలు పట్టకండి, అమ్మకండి అని చెప్పింది మీరే కదా! రేపు తెల్లారేసరికి వల లాగేవాళ్లు గట్టు మీదుంటారండి. ఐసు లారీకి కూడా చెప్పేశాను. ఈ వారంతో నా లీజు అయిపోతుంది. ఆ తర్వాత చెరువూ, అందులో చేపలూ ఇంకోళ్లవి. ఇప్పుడు పట్టకపోతే ఇంకెప్పుడు పట్టమంటారండి?"

"సీసం ఉన్న చేపలు జనం తింటే ఏమవుతుందో అది చెప్పండి ముందు."

"అవే చేపలు మేమూ తింటున్నామండి. నన్ను చూడండి. ఎలా కనపడుతున్నాను?"

"గట్టిగా అరిచేలా కనపడుతున్నారు," అన్నాను నేను. "ముందు ఆ ఉంగరం తీసి ఈ డబ్బాలో వెయ్యండి. తర్వాత అరుద్దురుగాని."

ఈ గొడవ జరిగింది మా ల్యాబు గుమ్మంలో, మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక. ఏలూరు పక్కన వట్లూరు వైపున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్సు ల్యాబు అది. నేను అందులో అటెండర్ని. ఉంగరం తియ్యమంటే కోపం తెచ్చుకున్న పెద్దమనిషి ముదినేపల్లి వైపు చేపల చెరువు చేసే రాజుగారు. ఆయనతో వాదిస్తున్న పిల్ల కరుణ, పెంటపాడు బడి మాస్టారి కూతురు. రోజూ తాడేపల్లిగూడెంలో రైలెక్కి వచ్చి మా దగ్గర డాక్టరేటు కోసం పరిశోధన చేసేది. ఆ పిల్ల అడిగిందని రాజుగారు తన చెరువు అడుగు మట్టిని తానే కవర్లో కట్టి ఇచ్చారు. ఇచ్చిన పాపానికి ఆ మట్టిలో సీసం ఉందని కబురొచ్చింది.

ఉంగరం సంగతి తేలడానికి కొంచెం సేపు పట్టింది. "ఇది తీస్తే శని పట్టుకుంటాడండి," అన్నారాయన. "తియ్యకపోతే నేను పట్టుకుంటాను," అన్నాను. తీశారు.

ఆ ఉద్యోగం ఏమిటంటే

ల్యాబుల్లో కొత్తగా చేరే పిల్లలు ఇప్పటికీ మా ఇంటికొచ్చి, "మామ్మగారూ, అక్కడ ఏం చెయ్యాలండీ?" అని అడుగుతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను ఎలా చేరాను, జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు సంతకం పెట్టారు, అవన్నీ రాయను. ఎవరికీ పనికిరావు. నేను చదివింది ఐదో తరగతి. కాబట్టి పెద్ద మాటలు వాడితే మీరు నమ్మకండి.

మా ల్యాబులో మొదట్లో ఉన్నది ఒక పొడుగాటి గాజు గొట్టం, దాన్లోంచి గాలి లాగేసే ఒక పంపు. గాలి దాదాపు అంతా లాగేసి రెండు చివర్లా కరెంటు పెడితే, లోపల మిగిలిన కాసింత గాలీ వెలుగుతుంది. ట్యూబులైటులా తెల్లగా కాదు, వంకాయ పువ్వు రంగులో. అలా వెలిగే గాలిని ప్లాస్మా అంటారని ల్యాబుకి పెద్దయిన మా మాస్టారు చెప్పారు. మొదటిసారి చూసిన రోజు నాకు భయం వేసింది. రెండో రోజు అందంగా అనిపించింది. మూడో రోజు నుంచి ఆ గొట్టం కడగడం నా పని అని తెలిసింది.

మీకు ఉద్యోగం గురించి నిజం చెప్పాలంటే అదే. పరిశోధనలో ముప్పాతిక భాగం కడగడం. కడిగింది ఆరబెట్టడం, ఆరింది ముట్టుకోకుండా దాచడం, ముట్టుకున్నవాణ్ణి తిట్టడం. వెలుగు చూసేది కాసేపే.

ఒకసారి ఆ పంపు పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉంది, గొట్టంలో గాలి మాత్రం తగ్గడం లేదు. పంపు పాడైందని ఒకరు, గాజు బీటలిచ్చిందని ఒకరు, వానాకాలం కాబట్టి అంతేనని ఒకరు. మా మాస్టారు వచ్చి గొట్టం మూత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. తర్వాత కుర్రాళ్లందరినీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి తల వాసన చూశారు. "ఇదిగో, ఈ సంపెంగ నూనె," అన్నారు. తల దువ్వుకున్న చేత్తోనే గొట్టం మూతకి రబ్బరు రింగు బిగించాడు ఆ మహానుభావుడు. ఆ నూనె పోయేదాకా పంపు ఎంత తిరిగినా అంతే. ఆ రోజు నుంచి మా ల్యాబులో దువ్వెన బయటే.

మా మాస్టారు

ఆయన పేరు మూర్తిగారు. నేను పని చేసిన పెద్దల్లో ఆయన మంచివారు. నోరు జారేవారు కాదు. అటెండర్నైనా "మామ్మగారూ, మీరు" అనేవారు. ఫిజిక్సులో ఆయన్ని మించినవాళ్లు చుట్టుపక్కల లేరని అందరూ అనేవారు. నాకు తెలిసిన సంగతి చెబుతాను: కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని బల్ల కింద వెతకడంలో కూడా ఆయన్ని మించినవాళ్లు లేరు.

ఆయనలో లోపం ఒక్కటే. మనసులో అనుకున్నదంతా మనకు చెప్పేశాననుకునేవారు. "నిన్న ఆ వాల్వు మార్చేశారు కదండీ మామ్మగారూ?" అనేవారు. మార్చమని ఎప్పుడు చెప్పారో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఇలాంటి పెద్దల దగ్గర పని చేసేటప్పుడు రోజూ పొద్దున్నే ఎదురెళ్లి, "ఏవండీ, ఇవాళ ఏం చెయ్యమంటారు, ఏం చెయ్యొద్దంటారు?" అని అడగాలి. సిగ్గుపడకూడదు. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఎలాగో ముందు ముందు మీకే తెలుస్తుంది.

నా గురించి కూడా ల్యాబు పిల్లలు చెప్పుకునేవారు. పిసినారి మామ్మ అనేవారు. నేను విన్నాను. తుడిచే గుడ్డ కొత్తది అడిగితే పాత చీర ముక్క ఇచ్చేదాన్ని. అదీ చిరిగితే మడత మార్చి ఇచ్చేదాన్ని. బీరువా తాళం నా కొంగునే ఉండేది. అందులో నేనేమీ తప్పు చూడను. ప్రభుత్వం ప్రాజెక్టు ఇచ్చింది పరిశోధన చెయ్యమని, గుడ్డలు పారెయ్యమని కాదు.

ఆ ప్రాజెక్టు మీదే మాకు లేజర్ వచ్చింది. వచ్చిన రోజు పెట్టె చుట్టూ కాలేజీ అంతా మూగింది. తీరా చూస్తే చెప్పుల పెట్టెకి అన్నగారిలా ఉంది. కానీ దాని వెలుగు వస్తువు మీద పడితే, పడిన చోట సూదిమొనంత మేర మండి ఆవిరై, టప్ మని చిన్న మెరుపు పుడుతుంది. ఆ మెరుపూ ప్లాస్మానేనట. గాజు గొట్టంలో వెలిగే గాలికి ఇది చుట్టం, కోపం ఎక్కువ. ఆ మెరుపు వెలుగుని రంగు రంగులుగా విడదీస్తే కంప్యూటర్ మీద గీతలు లేస్తాయి. ఇనుముకో గీత, సున్నానికో గీత, సీసానికో గీత. ఏ గీత లేచిందో చూసి ఆ వస్తువులో ఏముందో చెబుతారు.

గాజుల మీదా ఉంగరాల మీదా ఆ వెలుగు పడి తిరిగొస్తే కళ్లు పోతాయి. అందుకే గుమ్మం దగ్గర స్టీలు డబ్బా పెట్టాను. లోపలికి రావాలంటే గాజులు, ఉంగరాలు, వాచీ అన్నీ అందులో వేసి, నేనిచ్చిన కళ్లజోడు పెట్టుకోవాలి. కాలేజీ పెద్దలొచ్చినా అంతే. ఒకాయన, "నేనెవరో తెలుసా?" అన్నారు. "తెలుసండి, ఉంగరం తియ్యనివారు," అన్నాను.

దసరా

కరుణ పని చెరువుల మట్టి. మట్టి ఎండబెట్టి, కల్వంలో నూరి, జల్లించి, ఆ పొడిని ఉక్కు అచ్చులో పోసి గట్టిగా నొక్కితే అరిసె బిళ్లలా వస్తుంది. అచ్చులో పైనుంచి దిగి పొడిని నొక్కేది వేలంత ఉక్కు కడ్డీ. ఆ బిళ్ల మీద లేజర్ కొట్టాలి. కొల్లేటి చుట్టుపక్కల చాలా చెరువుల మట్టి అలా చూసింది. ఎక్కడా సీసం గీత లేవలేదు. అంతలో దసరా సెలవులొచ్చాయి.

సెలవులిచ్చే ముందు మూర్తిగారు ఆయుధపూజ చేసేవారు. పంపుకీ, లేజర్‌కీ, కంప్యూటర్‌కీ, నొక్కే ప్రెస్సుకీ, అచ్చుకీ, అన్నిటికీ బొట్లు. ఆయన ఆంజనేయస్వామి భక్తులు. కుంకుమ కాదు, నారింజ రంగు సిందూరం పెట్టేవారు. పొట్లం జేబులోనే ఉండేది. నేనూ కరుణా చర్చికెళ్లేవాళ్లం. పూజప్పుడు గుమ్మం పక్కన నిలబడేవాళ్లం. పులిహోర వడ్డించేటప్పుడు మాత్రం ముందుకొచ్చేవాళ్లం.

సెలవులయ్యాక వచ్చి చూస్తే బొట్లు అలాగే ఉన్నాయి. నేను తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాను. తుడిస్తే పూజ చేసినాయన ఏమనుకుంటారో. చర్చికెళ్లే ముసలిది మా దేవుడి బొట్టు తుడిచేసిందని నొచ్చుకుంటారేమో. కరుణ వైపు చూశాను. ఆ పిల్లా అదే ఆలోచిస్తోంది. "ఉండనివ్వండి మామ్మగారూ. వాటంతటవే పోతాయిలెండి," అంది. సరేనని పంపు కింద నేల తుడిచాను.

చాలావరకు పోయాయి కూడా. ఒక్కోటీ మెల్లగా మాసిపోయింది. ఎటు పోయాయో ఎవరూ అడగలేదు.

సెలవుల తర్వాత కరుణ మొదట చేసిన బిళ్లలు రాజుగారి మట్టివి. సీసం గీత లేచింది. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. మళ్లీ చేసింది, మళ్లీ లేచింది. మూర్తిగారు కూడా చూసి సీసమేనన్నారు. ఊరుకుంటే పాపమని రాజుగారికి ఫోన్ చేసింది.

ఉప్పు డబ్బా

ఉంగరం తీసిన రాజుగారు లోపలికొచ్చి లేజర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"ఇదేనా నా మీద చాడీలు చెప్పింది?"

అరుపులు విని మూర్తిగారు తన గదిలోంచి వచ్చారు. కూర్చోమని కుర్చీ చూపించారు. "రాజుగారూ, కోప్పడకండి. ఎన్నో చెరువుల మట్టి చూశామండి. పద్ధతి అదే, మిషన్ అదే. ఎక్కడా రాలేదు. మీ దాన్లోనే వచ్చింది."

"అయితే మీ మిషన్‌కి నేనంటే పడదండి. ఇది ఉప్పు పెట్టినా నా పేరే చెప్పేలా ఉంది!"

నాకు నవ్వొచ్చింది. కరుణ మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల మూర్తిగారి వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"సార్, సెలవులకు ముందు ఉప్పు బిళ్ల చేసి చూశానండి, ఏమీ రాలేదు. సెలవుల తర్వాత మళ్లీ చెయ్యలేదండి."

సీసం లేదని ముందే తెలిసిన వస్తువుని అప్పుడప్పుడూ పెట్టి చూడాలి. దాన్లో గీత లేస్తే తప్పు మిషన్‌ది, మట్టిది కాదు. ఆ పద్ధతి వాళ్లకు తెలుసు. చేశామనే అనుకున్నారు.

"చూడు మరి," అన్నారు మూర్తిగారు. "మామ్మగారూ, బీరువాలో ఆ ఉప్పు డబ్బా తియ్యండి."

"పాత డబ్బా అయిపోయిందండి, అది సీలు విప్పనిది. ఖరీదైన ఉప్పు. ఉప్పే కావాలంటే నా క్యారియర్‌లో ఉంది, మజ్జిగలోకి తెచ్చుకున్నాను. పనికిరాదా?"

"అందులో ఏం కలిసిందో నాకు తెలియదు కదా మామ్మగారూ," అంది కరుణ.

"ఇన్నేళ్ల నుంచి తింటున్నాను. ఏమీ కలవలేదు. నన్ను చూడు, ఎలా ఉన్నాను?"

"అదే కదండీ నేనూ అన్నాను!" అని రాజుగారు కుర్చీలోంచి లేచారు. "నేనంటే ఒక్కరూ వినలేదు!"

ఆయన పక్షాన మాట్లాడినట్టయింది కాబట్టి ఇంక ఏమీ అనలేక సీలు విప్పాను.

కరుణ ఉప్పు నూరి అచ్చులో పోసింది. ప్రెస్సుకి లారీ జాకీలా చెయ్యి ఉంటుంది. "జాకీ కొట్టడం నాకొచ్చండి, ఆయ్," అని రాజుగారే కొట్టారు. బిళ్ల వచ్చింది, తెల్లగా, కర్పూరం బిళ్లలా. అందరికీ కళ్లజోళ్లు పెట్టాను, తలుపు వేశాను. టప్, టప్, టప్. కరుణ కంప్యూటర్ వైపు చూసి కదలకుండా ఉండిపోయింది.

ఉప్పులో సీసం గీత లేచింది.

రాజుగారు గొంతు సవరించుకున్నారు.

"నాకు తెలియక అడుగుతానండి. ఆ డబ్బాలోకి నా చేపలు ఎప్పుడు ఈదుకుంటూ వచ్చాయండి?"

కరుణ కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ చెయ్యి ఆగలేదు. కల్వం చూసింది, జల్లెడ చూసింది, చివరికి అచ్చు విప్పి ఆ ఉక్కు కడ్డీని ట్యూబులైటు కిందకి తెచ్చింది. కడ్డీకి తల దగ్గర ఒక సన్నటి గాడి ఉంటుంది. అందులో నారింజ రంగు పొడి.

ఆ పిల్ల నన్ను చూసింది. నేను ఆ పిల్లని చూశాను. ఇద్దరం మూర్తిగారిని తప్ప అన్నిటినీ చూశాం.

"ఇక్కడేదో ఎర్రగా ఉంది సార్," అంది.

"తుప్పేమోనమ్మా," అన్నాను నేను.

రాజుగారికి మా మర్యాదలు తెలియవు. వంగి చూసి, "తుప్పేంటండీ, ఆంజనేయస్వామి సిందూరం కదండీ ఇది! ఇదిగో, మాస్టారి నుదుటి మీదున్నదే!" అన్నారు.

మూర్తిగారు నుదుటి మీద వేలు పెట్టుకున్నారు. వేలు చూసుకున్నారు. కడ్డీ చూశారు.

"దసరాకి పెట్టిన బొట్టు ఇంకా ఉందా? మీరు తుడవలేదా?"

"తుడవమని మీరు చెప్పలేదు కదండీ," అన్నాను.

"తుడవొద్దనీ చెప్పలేదు కదండీ! పూజ అయిపోయాక మా ఇంట్లో అన్నీ కడిగేస్తామండి. మీరూ తుడిచేసి ఉంటారనే అనుకున్నాను."

"మీ దేవుడి బొట్టు మేం తుడిస్తే మీరేమనుకుంటారోనని..."

"నేనేం అనుకుంటానండీ? బొట్లు తుడవమని అడిగితే మీరేమనుకుంటారోనని నేను అడగలేదు!"

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వారు. కరుణ ఏడుస్తూ నవ్వింది. రాజుగారు నవ్వలేదు. "మీరందరూ ఒకళ్లనొకళ్లు గౌరవించుకున్నారండి. మధ్యలో నా చెరువు పోయేది," అన్నారు.

మూర్తిగారు జేబులోంచి పొట్లం తీసి చిటికెడు ఇచ్చారు. కరుణ దాన్ని ఒక పలక మీద అంటించి లేజర్ కొట్టింది. సీసం గీత కొబ్బరి చెట్టంత లేచింది. కొన్ని సిందూరాల్లో సీసం కలిసిన ఎర్రపొడి వాడతారట. అన్నిటిలోనూ ఉండదట. ఆ పొట్లంలో ఉంది. నొక్కినప్పుడల్లా గాడిలోంచి రాలి బిళ్లలో కలిసింది. మూర్తిగారు కుళాయి దగ్గరికెళ్లి ముఖం కడుక్కుని వచ్చారు.

అచ్చూ కడ్డీ మందు వేసి కడిగాం. ఆరాక ఉప్పు మళ్లీ నొక్కి చూస్తే గీత లేదు. సెలవుల ముందు నూరి మూత పెట్టిన రాజుగారి మట్టి పొడి ఇంకా మిగిలుంది. అదీ నొక్కి చూశారు. ఇనుము గీత ఉంది, సున్నం గీత ఉంది. సీసం గీత లేదు.

"లేదు కదండీ?" అన్నారు రాజుగారు.

"ఈ మిషన్‌కి కనపడేంత లేదండి," అంది కరుణ.

"లేదంటే లేదనొచ్చు కదమ్మా!"

"కనపడేంత లేదండి. అంతకు మించి చెబితే అబద్ధం అవుతుంది."

"నిన్న ఉందని చెప్పేటప్పుడు ఈ పట్టింపు ఉండుంటే బాగుండేదమ్మా," అని స్టీలు డబ్బాలోంచి ఉంగరం తీసి పెట్టుకున్నారు. గుమ్మం దాటాక మళ్లీ వెనక్కి తిరిగారు. "లారీ వాళ్లకి ఇప్పటికే ఎవరో చెవిలో ఊదారండి, నా చెరువులో ఏదో ఉందని. రేపు వాళ్లు ఎత్తకపోతే నేనేం చెయ్యాలండి?"



కొత్తగా చేరే పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే. మర్యాద మంచిదే. మా గోదావరి జిల్లాలో అది తల్లిపాలతోనే వస్తుంది. కానీ ల్యాబులో ఏ వస్తువు మీదైనా ఏదైనా కనపడితే, అది దేవుడిదైనా, మాస్టారిదైనా, "ఇది తుడవమంటారాండీ?" అని నోరు తెరిచి అడగండి. నొచ్చుకుంటే నొచ్చుకుంటారు. ఉందో లేదో తెలియని నొప్పి కోసం మేం నోరు మూసుకుంటే, నిజమైన నొప్పి ముదినేపల్లి వైపు పోయింది.

మర్నాడు

మర్నాడు పొద్దున్న కరుణ వేళకి రాలేదు. ఎండ బాగా ఎక్కాక వచ్చింది, పాదాలకీ చీర అంచుకీ బురదతో, చేతిలో తాటాకు బుట్టతో. ఏలూరులో రైలు దిగి ల్యాబుకి రాకుండా నేరుగా బస్సెక్కి రాజుగారి చెరువు గట్టుకి వెళ్లిందట. వల లాగేవాళ్లూ, లారీ వాళ్లూ అందరూ ఉండగా తప్పు తమ ల్యాబుదని చెప్పిందట. లారీ మేస్త్రి, "మిషన్ అలా చెప్పిందా అమ్మా?" అని అడిగాడట.

"ఏమన్నావు?" అన్నాను.

"నేను చెబుతున్నానండి అన్నాను మామ్మగారూ."

చేపలు పట్టారు. లారీ ఎత్తుకుంది. బుట్టలో రాజుగారు పంపిన రెండు బొచ్చె చేపలు, ఒక శీలావతి. ఒకటి లేజర్‌కట, రెండు మాకట. ల్యాబులోకి చేపలు రాకూడదని బుట్ట గుమ్మం బయటే పెట్టించాను.

అప్పుడే మూర్తిగారు వచ్చారు. నుదుటి మీద గంధం బొట్టుంది. లేజర్ పెట్టె మీద దసరా బొట్టు మరక ఇంకా కొంచెం ఉంది. దాని ముందు నిలబడి, "మామ్మగారూ, ఒక గుడ్డ ఇస్తారా? నేనే తుడుస్తానండి," అన్నారు.

బీరువా తాళం తీశాను. లోపల దాచిన గుడ్డ తాను విప్పి, ఒక్కో మిషన్‌కి ఒక్కో ముక్క చొప్పున చింపి, అన్నీ కొత్తవే ఆయన చేతికిచ్చాను.